బాణం ఎటునుంచి తగిలింది?

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు కొండ పల్లెల్లో చూరు కింద విల్లు కనిపిస్తే దాన్ని ఎవరూ మారణాయుధం అనుకోరు. కొడవలి, గునపం, గొడ్డలి మధ్య అదీ ఒక ఇంటి సామాను. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చినప్పుడు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. మిగతా ఏడాదంతా విల్లు చూరు కిందే. ఈ అధ్యాయం ఆ మిగతా ఏడాదిలోని ఒక్క రాత్రి గురించి. తలుపు దగ్గర అలికిడి అయింది, ఇంటాయన చెయ్యి చూరు వైపు వెళ్లింది. ఆ తర్వాత ఏం జరిగితే ఆయన ఇంట్లో ఉంటాడు, ఏం జరిగితే జైల్లో ఉంటాడు?

"విల్లు వాడితే నేరమా?" అనే అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికినా పెద్దగా ఉపయోగం లేదు. ఆత్మరక్షణ కేసులో జడ్జి తెలుసుకోగోరేది వేరు: అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడు, ముఖం ఎటు తిప్పి ఉన్నాడు, బాణం వదిలిన క్షణానికి ప్రమాదం ఇంకా ఉందా, అప్పటికే దాటిపోయిందా. విల్లు పుట్టిందే దూరం నుంచి కొట్టడానికి. ఆత్మరక్షణ హక్కు నిలబడేది మీద పడుతున్న ముప్పు మీద. వేటలో విల్లుకు ఏ గుణం మంచిదో, కోర్టులో సరిగ్గా ఆ గుణమే దానికి చుక్కెదురు. నా వాదన అంతా ఇంతే. చట్టం, తీర్పులు దీన్ని ఎంతవరకు బలపరుస్తాయో, ఎక్కడ కొంచెం సడలిస్తాయో చూద్దాం.

విల్లు ఉంచుకోవడం సంగతి ముందే తేల్చేద్దాం, ఇందులో తిరకాసు తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టం 3వ సెక్షన్ కింద లైసెన్సు కావలసింది తుపాకులకూ తూటాలకూ. అందుకే ఏజెన్సీలో నాటు తుపాకీ దొరికితే కేసవుతుంది, ఇంట్లో విల్లు ఉన్నంత మాత్రాన కాదు. తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు అడిగే 4వ సెక్షన్ కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో, నోటిఫై చేసిన రకాలకే వర్తిస్తుంది. నిషేధాజ్ఞలు ఉన్న రోజు విల్లంబులతో ఊరేగింపులో నడవడం వేరే సంగతి. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా అని, వాడినప్పుడు కూడా చట్టం దాన్ని తేలిగ్గా తీసుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్‌లో ప్రమాదకర ఆయుధాల వరసలో మొదటే గురిపెట్టి కొట్టే సాధనాలు ఉన్నాయి; విల్లు నేరుగా అందులోకి వస్తుంది. దానితో మామూలు గాయమైతే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయమైతే కనీసం 1 ఏడాది నుంచి 10 ఏళ్ల వరకు, లేదా యావజ్జీవం. మనిషి చనిపోతే ఇక 103వ సెక్షనే: మరణశిక్ష లేదా యావజ్జీవం. మొనకు విషం పూసి ఉంటే, చంపే ఉద్దేశం లేదని ఏ వకీలు చెప్పినా వినేవాళ్లు దొరకడం కష్టం.

ఇదంతా తలుపు ఒక రెక్క. రెండో రెక్క 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్నవే కొద్ది మార్పులతో ఇక్కడికి వచ్చాయి. మీ ఒంటిని, మీవాళ్ల ఒంటిని, పరాయివాళ్ల ఒంటిని కూడా, అలాగే ఆస్తిని కాపాడుకోవడానికి చేసిన పని నేరమే కాదని అవి చెబుతాయి. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయమవుతుందనో, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి జరుగుతుందనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసినా హక్కు నిలుస్తుందని 38 అంటుంది. ఇంటి విషయంలో 41 ముఖ్యం. దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం కలిగించేలా దొంగతనానికి రావడం: వీటిలో ప్రాణం తీసేదాకా హక్కు సాగవచ్చు. ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. "రాత్రిపూట వచ్చినవాణ్ని చంపినా కేసు లేదు" అన్న మాట టీ కొట్లలో పుట్టింది ఈ సగం చదువులోంచే.

మిగతా సగం ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న దాని గురించి. కొండ పల్లెలో ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. ముందు అరుగు, పక్కన పశువుల సాల, వెనక పెరడు, దాని వెనకే సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాల పాదులు, వాటి నీడలో కాఫీ. పండు కోసే నెలల్లో కాఫీ గింజలు ఆరుబయట ఎండుతుంటాయి. మనసుకు ఇదంతా ఇల్లే. చట్టానికి కాదు. తలుపు గొళ్లెం పెకలించి, గోడకు కన్నం వేసి, పెంకులు తప్పించి లోపలికి దిగితే అది ఇల్లు పగలగొట్టడం. మిరియాల పాదుకు నిచ్చెన వేస్తే అది దొంగతనం, కంచె దాటితే అక్రమ ప్రవేశం. ఈ రెండో రకానికి 42వ సెక్షన్ వర్తిస్తుంది. అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, అవసరమైనంత దెబ్బ వేయవచ్చు, ప్రాణం తీయకూడదు. తెరపి నేలలోకి అడుగుపెట్టినవాణ్ని చంపే హక్కు ఆస్తి రక్షణలో లేదని సుప్రీంకోర్టు 2002లో జస్సా సింగ్ కేసులో తేల్చి చెప్పింది. ఒక బస్తా మిరియాలు ఆ ఇంటి ఏడాది సంపాదనే కావచ్చు. దాన్ని చట్టం చిన్నచూపు చూస్తోందని మీకు అనిపిస్తే ఆ కోపం అర్థమవుతుంది. కానీ బస్తాకు మనిషిని బదులివ్వడానికి ఏ కోర్టూ ఒప్పుకోదు.

ఇప్పుడు గడప దగ్గరికి రండి. 43వ సెక్షన్‌లో ఒక గీత ఉంది. రాత్రి ఇల్లు పగలగొట్టి వచ్చినవాడి మీద ఆస్తి రక్షణ హక్కు, ఆ చొరబాటు సాగుతున్నంతసేపే ఉంటుంది. వాడు గడప దాటి బయటికి ఉరికాడంటే 41 ఇచ్చిన ప్రాణాంతక హక్కు అక్కడితో ఆగుతుంది. మీ మేకపిల్లను చంకన పెట్టుకుని పరుగెత్తుతుంటే వెంటపడి లాక్కునే హక్కు ఇంకా మిగులుతుంది, కానీ అది 42 పరిమితి లోపలి హక్కు. లోపలున్నవాడు, బయటున్నవాడు ఒకే మనిషి, మధ్యలో గడిచింది ఒక రెప్పపాటు; చట్టం దృష్టిలో వాళ్లిద్దరూ వేర్వేరు. విల్లు ఏ పక్షాన నిలుస్తుందో ఆలోచించండి. దూలం తలకు తగిలే ఇంట్లో, పొయ్యికీ నులక మంచానికీ మధ్య విల్లు వంచడానికి చోటుండదు. అది సరిగ్గా పనిచేసేది ముంగిట్లోకి వచ్చాకే. అంటే వాడు కూడా ముంగిట్లోకి, లేదా దాటి బాటలోకి వెళ్లాకే.

పైగా విల్లుకు వేళ్ల పని ఎక్కువ. బాణం తీయాలి, కొస అల్లెతాడుకు ఆనించాలి, లాగాలి, గురి చూడాలి, వదలాలి. చేయి తిరిగినవాడికి ఇది రెండు మూడు క్షణాల పని కావచ్చు; ప్రాసిక్యూషన్‌కు మాత్రం అయిదు ప్రశ్నలు. ప్రతి పనికీ మధ్య "అప్పటికీ వాడు మీ మీదికి వస్తూనే ఉన్నాడా?" అని అడుగుతారు. గొడ్డలి దెబ్బ చూడటానికి భయంకరం, కానీ తగిలిందంటేనే వాడు మీకు బారెడు దూరంలో ఉన్నట్టు. ఆ దగ్గరితనం దానంతట అదే సాక్ష్యం. బాణానికి ఆ సాక్ష్యం లేదు. (గొడ్డలి పట్టుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు.) పోస్టుమార్టం చేసే డాక్టరు మాత్రం బాణం ఛాతీలో దిగిందా, వీపులో దిగిందా, పైనుంచి కిందికా, సమంగానా అని రాసేస్తాడు. వీపున దిగిన బాణానికి ఎంత మంచి వకీలును పెట్టినా ముందు సమాధానం చెప్పాల్సింది ఒక్కదానికే: పారిపోతున్నవాడు మీకేం చేస్తాడు?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1962లోనే జవాబిచ్చింది. జయ్ దేవ్ కేసులో పొలం తగాదా పెద్దదై రెండు పక్షాలు తలపడ్డాయి. ముప్పు ఉన్నంతవరకు ఎదుర్కోవడం సరే. వచ్చినవాళ్లు తిరుగుముఖం పట్టాక హక్కు కూడా వాళ్లతోపాటే వెళ్లిపోతుందని, ఆ తర్వాత పేలిన తూటా ఆత్మరక్షణ కాదని కోర్టు నిర్ణయించింది. దోషులన్న తీర్పు నిలిచింది. ఇది మన దేశపు చాదస్తమేమీ కాదు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో 1999లో టోనీ మార్టిన్ అనే రైతు రాత్రిపూట ఇంట్లోకి దూరిన ఇద్దరిని తుపాకీతో కాల్చాడు. చనిపోయింది వీపున గుండ్లు తగిలిన 16 ఏళ్ల కుర్రాడు. దేశంలో చాలామంది రైతు పక్షాన నిలబడ్డారు, జ్యూరీ మాత్రం హత్యేనంది. 2001లో అప్పీలులో అది చిన్న నేరంగా తగ్గినా, తగ్గింది అతని మానసిక స్థితిని బట్టి. ఆత్మరక్షణ వాదన గెలవలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చీకట్లో, నిద్రకళ్లతో, పిల్లలు ఏడుస్తుంటే గుండె దడదడలాడే మనిషి సెక్షన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోగలడా? కూర్చోలేడు. కోర్టులూ అలా అడగవు. 1952 నాటి అమ్జద్ ఖాన్ కేసు చూడండి. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో అల్లర్లు. పక్కనే ఉన్న సోదరుడి దుకాణాన్ని అప్పటికే దోచేశారు, గుంపు ఇతని తలుపు మీద లాఠీలతో బాదుతోంది. తలుపు ఇంకా విరగలేదు. అతను తుపాకీ పేల్చాడు, ఒకరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. తలుపు విరిగేదాకా ఆగాల్సిన పని లేదని, అలాంటి క్షణంలో మనిషి వాడిన బలాన్ని బంగారం తూచే త్రాసులో పెట్టి తూచరాదని సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. 2010 నాటి దర్శన్ సింగ్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, అన్యాయంగా మీద పడుతున్నప్పుడు పిరికివాడిలా తోక ముడవాలని చట్టం కోరదని చెప్పింది. అంటే త్రాసు కటువైనది కాదు. ఒకటి గమనించండి: అమ్జద్ ఖాన్ గెలిచింది గుంపు అప్పటికీ తలుపు బాదుతూ ఉండటం వల్ల. కోర్టు చూపే ఉదారత ఎంత బలం వాడారన్న లెక్కలో. ముప్పు ఉందా లేదా అన్న దగ్గర అది అంత ఉదారంగా ఉండదు.

రెండో అభ్యంతరం కొండకు సొంతమైనది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నచోట ఆత్మరక్షణ హక్కు లేదని 37వ సెక్షన్ అంటుంది. స్టేషను ఎక్కడో మండల కేంద్రంలో, ఫోనుకు సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి, వానాకాలంలో గెడ్డ పొంగితే దారే ఉండదు. అలాంటిచోట ఆ షరతు ఎవరికోసం? న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం మీకు అనుకూలమైనది: చట్టం అడిగేది నిజంగా వ్యవధి ఉందా అని. పాడేరు పట్టణంలో వ్యవధి వేరు, ముంచంగిపుట్టు అవతలి కొండ మీద వేరు. 112కు ఫోను కలవలేదన్నది, దారి తెగిందన్నది మీ వకీలు రికార్డులోకి ఎక్కించాల్సిన వాస్తవాలు. అయితే స్టేషను దూరమైనకొద్దీ హక్కు త్వరగా మొదలవుతుందేమో గాని, ఎక్కువసేపు సాగదు. అవసరానికి మించిన హాని కూడదన్న షరతు అదే సెక్షన్‌లో, ఆ పక్క వాక్యంలోనే ఉంది. ఆ సెక్షన్‌లోనే ఇంకో ముల్లు: ఉద్యోగ ధర్మంగా, సద్భావంతో పనిచేస్తున్న ప్రభుత్వోద్యోగి చేసింది చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, దానివల్ల చావు భయమో తీవ్ర గాయం భయమో లేనప్పుడు అతని మీద ఈ హక్కు చెల్లదు. పోడు పీకడానికి వచ్చిన ఫారెస్టు గార్డు మీదికి విల్లు ఎక్కుపెడితే ఆత్మరక్షణ వాదన నిలవదు. అక్కడ పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని దాని 4వ సెక్షన్ చెబుతోంది.  

చీకటి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే బాణానికి కళ్లు లేవు. 1959లో ఒరిస్సా హైకోర్టు తీర్పిచ్చిన కేసు ఒకటి మన కొండల మనుషులు తప్పక తెలుసుకోవాల్సినది. పాడుబడిన విమానాశ్రయం. దయ్యాలు తిరుగుతాయని పేరు. రాత్రివేళ దూరంగా దీపం మిణుకుమంటోంది, చుట్టూ ఆకారాలు కదులుతున్నాయి. నేపాల్ నుంచి వచ్చిన ఒక పనివాడు దయ్యాలనుకుని ఖుక్రీతో వాటి మీద పడ్డాడు. తీరా చూస్తే లాంతరు పెట్టుకుని ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకుంటున్న ఆదివాసీ ఆడవాళ్లు. ఒకామె చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. సద్భావంతో వాస్తవాన్ని పొరబడ్డాడని కోర్టు అతన్ని విడిచిపెట్టింది. ఈ తీర్పును చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. సద్భావం అంటే తగిన జాగ్రత్త తీసుకోవడమని చట్టమే నిర్వచిస్తుంది. "ఎవరది?" అని ఒక్క కేక వేయకుండా, టార్చి వేయకుండా, కదిలిన నీడ మీదికి బాణం వదిలితే ఆ జాగ్రత్త ఎక్కడుందని అడుగుతారు. సంత నుంచి ఆలస్యంగా తిరిగొస్తున్న పక్కింటాయన కావచ్చు, పొద్దుపోయి వచ్చిన మీ అన్న కొడుకే కావచ్చు. ఇక చిల్లంగి (చేతబడి) చేశాడన్న అనుమానంతో ఎవరినైనా కొట్టి, ప్రాణభయంతో చేశాననడం ఈ హక్కు దరిదాపుల్లోకి కూడా రాదు. మీద పడుతున్న దాడి లేనిచోట రక్షణ లేదు. ఏజెన్సీలో ఆ పేరుతో జరిగినవి హత్యలే.

నిజం చెప్పాలంటే తూర్పు కనుమల్లో రాత్రిపూట తలుపు దగ్గర అలికిడి చేసేది దొంగ కాకుండా ఎలుగుబంటో అడవి పందో కూడా కావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమన్న మాటను నిర్వచిస్తూ విల్లంబులను పేరు పెట్టి మరీ చెప్పింది. 11వ సెక్షన్ ప్రకారం తన ప్రాణం, ఇంకొకరి ప్రాణం కాపాడుకోవడానికి సద్భావంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదు. ఆ మాటల్లో ప్రాణం ఉంది, పంట లేదు. చోడి చేలో పడిన పందిని, మేకల దొడ్డి చుట్టూ తిరుగుతున్న ఎలుగును కొడితే ఈ మినహాయింపు అందదు. ఎలుగు షెడ్యూల్ 1 జంతువు, 3 నుంచి 7 ఏళ్ల జైలు. పైగా ఆ సమయంలో మీరే చట్టవిరుద్ధమైన పని మీద ఉంటే, అంటే వేటకు వెళ్లి ఎలుగుకు ఎదురుపడితే, రక్షణ వాదన చెల్లదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ఎవరింటికీ ఒక ముక్క వెళ్లకూడదు. వెళ్లిందంటే ఆత్మరక్షణ కథ వేట కథగా మారిపోతుంది.

మనిషికి బాణం తగిలిన తర్వాతి గంట గురించి. ఊరి పెద్దలు కూర్చుని తప్పు కట్టించి తేల్చేయవచ్చన్న నమ్మకం కొండల్లో బలంగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే పెసా చట్టం ఆచారబద్ధమైన తగవు పరిష్కారానికి చోటిచ్చింది, నిజమే. కానీ హత్య, హత్యాయత్నం కేసులను రాజీతో మూసేసే వీలు గ్రామసభకే కాదు, విచారణ చేసే కోర్టుకే లేదు. దాచిన ప్రతి గంటా మీ వాదనలోంచి కోసుకుపోతుంది. గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చడం, మీరే ముందుగా స్టేషనుకు కబురు పెట్టడం, చంపాలన్న కసి లేదనడానికి మీరు ఆ రాత్రి ఇవ్వగల గట్టి రుజువులు. ఆత్మరక్షణ అని నిరూపించే బాధ్యత 2023 సాక్ష్య చట్టం 108వ సెక్షన్ కింద ముద్దాయి మీదే ఉంటుంది. ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి అతీతంగా నిరూపించనక్కర్లేదు, మీరు చెప్పింది జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు. హక్కు ఉండి, ఆవేశంలో దాన్ని మించిపోయారని తేలితే హత్య కాస్తా 105వ సెక్షన్‌కు దిగవచ్చు. అది కూడా 5 నుంచి 10 ఏళ్లు, లేదా యావజ్జీవం. ముందస్తు పథకం లేదని తేలితేనే ఆ మెట్టు దిగేది.

పోలీసులకు మీరు చెప్పిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు, దర్యాప్తు వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పనీ లేదు. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును 1987 న్యాయ సేవల చట్టం ఇస్తోంది, నంబరు 15100. కువి తప్ప తెలుగు సరిగా రాని ముసలాయనకు తెలుగు కాగితం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోబోతే, దుబాసీ కావాలని అడగండి. విరిగిన గొళ్లెం, నేల మీది అడుగుజాడలు, గోడకు దిగిన ఇంకో బాణం ఉంటే అదీ, దేన్నీ కదపవద్దు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల్లో ఇప్పుడు ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. గడప నుంచి రక్తపు మరక దాకా టేపు పట్టి కొలుస్తారు. విల్లు చూరు కిందికి తిరిగి వెళ్లిందా, ముంగిట్లోనే పడి ఉందా, అల్లెతాడు ఎక్కించి ఉందా, విప్పి ఉందా అన్నది కూడా పంచనామాలో రాస్తారు.